ఇంగ్లీషు ‘అవును’లో ఎన్ని పాళ్లు?

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా గ్రామం పాలిస్టర్ నూలు మిల్లులకు నెలవు. సూరత్ పరిసరాలకు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేతపనివారు తరాలుగా వలస వెళుతున్నారు. గుజరాతీ వర్తకుడు ‘బరాబర్ ఛే’ అంటే వారికి దుబాసీతో పనిలేదు. తెలంగాణలోనూ బరాబర్ అంటే బరాబరే! చిక్కంతా బేరం ఇంగ్లీషు ఉత్తరంలోకి ఎక్కినప్పుడే.

మీరు తెలిపిన ధరకు కొనుగోలుదారు ‘ఇన్ ప్రిన్సిపుల్’ సమ్మతించాడనుకోండి. ఆ మాట నమ్మి మగ్గాలు నడిపించారో, నష్టం మీదే. ఆలోచన నచ్చింది, షరతులు ఇంకా తేలలేదు అని దాని తాత్పర్యం. మన పత్రికలు దీనిని ‘సూత్రప్రాయంగా అంగీకరించారు’ అని తెనిగించాయి. అనువాద వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఆ కల్పనను మెచ్చుకుంటాను. కాని పాఠకుడి చెవిన పడేది ‘అంగీకరించారు’ ఒక్కటే. భోగాపురం విమానాశ్రయానికి కేంద్రం సూత్రప్రాయ ఆమోదం తెలిపింది 2016లో. శంకుస్థాపన 2019లో ఒకసారి, 2023లో మరొకసారి జరిగింది. ఆమోదానికీ ఆచరణకూ నడుమ అంత దూరం ఉండవచ్చును.

‘బై అండ్ లార్జ్’ 17వ శతాబ్దపు నావికుల మాట. ఓడను గాలికి ఎదురొడ్డి నడిపినా, గాలివాలున నడిపినా అని దాని మూలార్థం. నేడు ‘మొత్తంమీద’ అని మాత్రమే. చిల్లర అభ్యంతరాలు జేబులోనే ఉన్నాయన్న సూచన అందులో ఉంది. ‘అప్ టు ఎ పాయింట్’ మరింత గడుసుది. ఎవెలిన్ వా 1938లో రచించిన ‘స్కూప్’ నవలలో ఒక పత్రికాధిపతి పొరపాటు పలికినప్పుడల్లా ఉద్యోగి వినయంగా అనే మాట ఇదే. ‘కాదు’ అంటే కొలువు ఊడుతుంది మరి!

‘ఐ కుడ్ నాట్ అగ్రీ మోర్’ అన్నచోట ‘నాట్’ చూసి జంకనక్కరలేదు. ఇంతకు మించి ఏకీభవించడం సాధ్యం కాదని, అంటే నూటికి నూరుపాళ్లు సమ్మతమేనని భావం. ‘ఐ డోంట్ డిసగ్రీ’లో మాత్రం రెండు ‘కాదు’లు కలిసినా నిండు ‘అవును’ కాలేదు.

మనకూ ఈ కళ తెలియనిది కాదు. గంగిరెద్దులా తలాడించేవారు, తానా అంటే తందానా అనేవారు, ‘చూద్దాంలెండి’ అని సాగనంపేవారు ఊరూరా ఉన్నారు. మౌనాన్ని సైతం అర్ధాంగీకారంగా లెక్కగట్టిన జాతి మనది. అయితే మన మాటలోని పాళ్లను ఎదుటివారి ముఖమూ గొంతూ పట్టిస్తాయి. ఉత్తరానికి ముఖం లేదు. అందుచేత విభక్తి వంటి చిన్న మాటలను కూడా గమనించవలసి ఉంటుంది: ‘అగ్రీ విత్’ అంటే మీ అభిప్రాయంతో ఏకీభావం, ‘అగ్రీ టు’ అంటే మీ ప్రతిపాదనకు సమ్మతి. ‘విత్’తో వచ్చిన ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు ధర, గడువు, చెల్లింపు తేదీ వరుసగా పేర్కొని, వీటికి ‘అగ్రీ టు’ అంటారా అని అడిగి, ఆ జవాబు చేతికందిన తరువాతే నూలు కొనండి.