చుండూరు: ఊరి నడుమ రాసుకున్న చరిత్ర

తెనాలి నుండి బాపట్ల పోయే రైలు దారిలో చుండూరు స్టేషను వస్తుంది. 1991 ఆగస్టు 6న అగ్రకులాలవారు ఇక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలు కాలవలో, పొలాల్లో దొరికాయి. అప్పుడిది గుంటూరు జిల్లా. 2022 నుండి బాపట్ల జిల్లా, రేపల్లె రెవెన్యూ డివిజను. దస్త్రాల్లో ఊరి చిరునామా మారింది. దళితవాడ తన చరిత్రను దస్త్రాలకు వదిలిపెట్టలేదు.

వాళ్ళు మృతులను ఊరి నడుమ పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడే చేరతారు. నా దృష్టిలో చుండూరుపై వచ్చిన మొదటి గ్రంథం అదే. మన కవిత్వం, మన వ్యాసాలు దాని తరువాతివి.

1985 జూలై 17 నాటి దాడి తరువాత కారంచేడు బాధితులు చీరాలలో స్థిరపడ్డారు. చుండూరు వారు తెనాలిలో తలదాచుకుని, తిరిగి ఊరికే వచ్చారు. విచారణ కూడా ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి సాధించుకున్నారు. జరిగిన చోటే, చేసినవారి ఎదుటే చెప్పడమన్నది సామాన్యమైన సంగతి కాదు. 2007 జూలై 31న ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మరణాల సమయం, స్థలం, చంపిందెవరన్నది రుజువు కాలేదన్నది. ప్రాణభయంతో పరుగెత్తినవాడు గడియారం చూసుకుంటాడా?

పెషావరులో కిస్సాఖ్వానీ బజారు ఉంది. కథలు చెప్పేవారి బజారని అర్థం. 1930 ఏప్రిల్ 23న అక్కడ జరిగిన కాల్పుల్లో చనిపోయిన వారెందరో బ్రిటిషు ప్రభుత్వం ఒక లెక్క చెప్పింది, పఠాన్లు అంతకు ఎన్నోరెట్ల లెక్క చెప్పుకున్నారు. పఠాన్లు ఆ బజారులోనే స్మారకం నిలుపుకున్నారు. చుండూరు నాకు అక్కడినుంచి మరింత బాగా అర్థమయింది.

మన సంగతి చూడండి. అభ్యుదయ విమర్శకులం చాలామందిమి దీన్ని 'భూస్వామ్య దురంతం' అని ఒక్క మాటలో తేల్చాం. కులం పేరెత్తడానికి వెనుకాడాం. ఆ పని దళిత కవులు చేశారు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం అందుకు సాక్ష్యం. మనకు చుండూరు ఒక ప్రతీక. ఆ ఎనిమిది పేర్లూ వరుసగా చెప్పగలవారు మనలో ఎందరు? నేను చాలా ఏళ్ళు చెప్పలేకపోయాను. వ్యాసాలు మాత్రం రాస్తూనే ఉన్నాను.