ఉద్దానపు దారులకు కరెంటు బండి

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు సీమలో, పలాస జీడిపప్పు కార్ఖానాలకు ప్రొద్దుననే పనికి పోవువారును, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములనుండి టెక్కలి కళాశాలలకు వచ్చిపోవు విద్యార్థులును, కొబ్బరితోటల యిసుకబాటలలో దిరుగు రైతులును పెట్రోలు ఖర్చునకు వెరచి కరెంటు బండ్లవైపు చూచుట సహజమే. బండిని తాకి చూడకయే సెల్‌ఫోనులో నాలుగింటిని ప్రక్కప్రక్కన నిలిపి, మెచ్చినదానికి సొమ్ము చెల్లించు సౌకర్యము కూడ కలిగినది. కాని ఆ ఫోనులోని పోలిక పట్టికలలో మన యిసుకయు, ఉప్పుగాలియు, తుపానులును లెక్కకు రావు.

ఒక్క ఛార్జింగుతో ఇన్ని కిలోమీటర్లని పెద్ద యక్షరములతో చూపు సంఖ్య, నియమితమైన పరీక్షలో లభించినదే గాని, ఇరువురు కూర్చుండి ఎదురుగాలిలో పోవునప్పుడు లభించునది కాదు. అంతకంటె నమ్మదగినది బ్యాటరీ సామర్థ్యము. కిలోవాట్ అవర్ అనగా మన కరెంటు బిల్లులోని యూనిట్టే. స్కూటరు కిలోమీటరునకు సుమారు 30 వాట్ అవర్లు వాడుకొనును గనుక, 3 యూనిట్ల బ్యాటరీ గలది నూరు కిలోమీటర్లకు లోపుగనే నడచునని యెంచుట మేలు. పలాసనుండి టెక్కలికి పోయివచ్చుటకు, అనగా సుమారు 60 కిలోమీటర్లకు, అది చాలును.

బ్యాటరీ విషయమున మాత్రము తొందర కూడదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒక గృహస్థు మరణించెను. అట్టి దుర్ఘటనల పిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణమును కఠినతరము చేసి, ఆ యేటి డిసెంబరునుండి దశలవారీగా అమలుపరచెను. ఆ ప్రమాణము పేర్కొనని బండిని, అది యెంత చవుకయైనను, నేను కొనుమని చెప్పజాలను. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకము బరువెక్కువయైనను వేడిమి కోర్చుకొనును, ఎక్కువ కాలము మన్నును. నీరు చొరనీయని ఐపీ67 గుర్తును సముద్రతీరవాసులు తప్పక చూడవలయును.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు, స్తంభములు కూలి, పలు గ్రామములు దినముల తరబడి చీకటిలో మ్రగ్గెను. ఇంటికి ఒకే వాహనము గలవారు ఆ దినములను తలచుకొని నిర్ణయించుకొనవలయును. తుపాను హెచ్చరిక వినినంతనే బండిని నిండుగ ఛార్జి చేసికొనవలయును.

మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన బండ్లకే రిజిస్ట్రేషనును, లైసెన్సును అక్కరలేదు. ఆ రెంటిలో నేదేని మించిన బండిని లైసెన్సు వలదని యమ్మజూపువారిని నమ్మరాదు.

నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది మరమ్మతు. పెట్రోలు బండి చెడిన సోంపేటలోనో కంచిలిలోనో మెకానిక్కు దొరకును. కరెంటు బండికి కంట్రోలరు చెడినచో కంపెనీవాడే రావలయును. కావున సొమ్ము చెల్లించుటకు ముందే కంపెనీకి ఫోను చేసి, సర్వీసు కేంద్రము పలాసలో నున్నదా, శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో పోవలయునా, అంతదూరము బండిని చేర్చు ఖర్చెవరిది, బ్యాటరీ వారంటీ ఎన్నియేండ్లు, ఎన్ని కిలోమీటర్లు, సామర్థ్యము ఎంత తగ్గిన మార్చి యిత్తురు అని అడిగి, సమాధానమును వ్రాతపూర్వకముగ తెప్పించుకొనవలయును.