పులుపును కాపాడే చలి

ద్రాక్ష అనగానే మన నోరు తీపికి సిద్ధమవుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో పండి దేశమంతటా పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ రకాన్నే తీసుకోండి. ఆ పేరుకు అర్థం ‘రాజద్రాక్ష’. లేతాకుపచ్చ రంగులో, పెద్ద పెద్ద పండ్లతో నిండుగా ఉంటుంది గుత్తి. పండు పుల్లగా తగిలితే ఇంకా పక్వానికి రాలేదని పక్కన పెట్టేస్తాం. జర్మనీలో మోసెల్, రైన్ నదుల లోయల్లో మాత్రం పండిన తర్వాత కూడా పులుపు వదలని ద్రాక్షకే గౌరవం. దాని పేరు రీస్లింగ్. దాని నుంచి చేసే తెల్ల వైన్‌లో ఒక రకానికి తీపి దాదాపు ఉండదు. సీసా మీద ‘ట్రోకెన్’ అని రాస్తారు. జర్మన్ భాషలో ఆ మాటకు ‘పొడి’ అని అర్థం.

ద్రవం పొడిగా ఉండటమేమిటి? తీపి లేని పానీయంలో మెచ్చుకోవలసినది ఏముంది? ఆ పులుపు హైదరాబాదు ద్రాక్షలో ఎందుకు నిలవదు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కొంత రసాయనశాస్త్రంలో, కొంత వాతావరణంలో ఉంది.

చక్కెర ఎక్కడికి పోయింది?

తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ కడుతుంది, తీపి తగ్గుతుంది. మర్నాటికి బాగా పులిసిపోతుంది. కంటికి కనిపించని ఈస్ట్ కణాలు, కొన్ని రకాల బాక్టీరియాలు కలిసి చేసే పని ఇది. చక్కెర విడిపోయి ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. నురగకు కారణం ఆ వాయువే. దీనినే కిణ్వ ప్రక్రియ అంటారు. నీరా కోసం కట్టే కుండ లోపల సున్నం పూసేది ఈ ప్రక్రియను అడ్డుకోవడానికే.

ద్రాక్షరసంలో జరిగేదీ ఇదే. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఇథైల్ ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. లీటరు రసంలో 200 గ్రాముల చక్కెర ఉంటే, అదంతా పులిసేసరికి సుమారు 12 శాతం ఆల్కహాలు ఉన్న వైన్ తయారవుతుంది. ఈస్ట్ పనిని మధ్యలో ఆపితే కొంత తీపి మిగులుతుంది. చివరిదాకా సాగనిస్తే తీపి పోతుంది. ‘పొడి’ అంటే నీరు లేదని కాదు, చక్కెర మిగల్లేదని.

చక్కెర ఎంత ఉందో ముందుగానే తెలుసుకోవడానికి జర్మన్లు వాడే కొలమానం చాలా సులభమైనది. ఫోర్జ్‌హైమ్ పట్టణంలో ఫెర్డినాండ్ ఎక్స్‌లే (1774-1852) అనే స్వర్ణకారుడు ఉండేవాడు. ఆయన పేరు మీదనే ఆ కొలత నిలిచింది. లీటరు నీటి బరువు 1000 గ్రాములు. లీటరు ద్రాక్షరసం 1080 గ్రాములు తూగితే అది 80 ఎక్స్‌లే డిగ్రీల రసం. ఆ అదనపు బరువులో ఎక్కువ భాగం చక్కెరదే.

మీరే చేసి చూడండి

రెండు గ్లాసుల నీళ్లలో మూడేసి చెంచాల పంచదార కలపండి. ఒకదానిలో సగం నిమ్మకాయ పిండండి. రెండింటినీ రుచి చూడండి. చక్కెర సమానంగానే ఉన్నా నిమ్మరసం పిండిన గ్లాసులో తీపి తక్కువనిపిస్తుంది. మన నాలుక తీపిని విడిగా కొలవదు, పులుపుతో పోల్చుకుంటూ గ్రహిస్తుంది. ఈ సంగతి చట్టానికి కూడా తెలుసు! యూరప్ నిబంధనల ప్రకారం ట్రోకెన్ వైన్‌లో లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర ఉండకూడదు. ఆమ్లం తగినంతగా ఉంటే మాత్రం 9 గ్రాముల వరకు అనుమతిస్తారు.

తీపి తెర తొలగిపోయాక రుచిలో ముందుకు వచ్చేవి ఆమ్లమూ, సువాసనలూ. పొడి రీస్లింగ్ ఆకర్షణ అంతా వీటి మీదే ఆధారపడి ఉంది. ఆమ్లం లేకపోతే అదే వైన్ చప్పగా ఉంటుంది.

చక్కెర లేకపోవడం ఒక్కటే చాలదని ఇంకో ఉదాహరణ చెబుతుంది. బిలాస్‌పూర్‌లో నెహ్రూ నగర్ వంటి పేటల్లో పెరిగిన తెలుగు పిల్లలకు మహువా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మనం ఇప్పపువ్వు అనేది దానినే. ఎండిన పువ్వు బరువులో దాదాపు సగం చక్కెరే ఉంటుంది. అడవి పల్లెల్లో ఈ పువ్వును నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెట్టి సారా తీస్తారు. కాచినప్పుడు ఆవిరయ్యే ఆల్కహాలు, కొన్ని సువాసన పదార్థాలు పైకి వస్తాయి. మిగిలిన చక్కెర, ఆవిరి కాని ఆమ్లాలు అడుగునే ఉండిపోతాయి. సారాలో తీపీ ఉండదు, పండు పులుపూ ఉండదు. వైన్‌ను కాచరు కాబట్టి పండులోని ఆమ్లం అందులోనే నిలుస్తుంది.

చింతపండు ఆమ్లం, యాపిల్ ఆమ్లం

ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపు దీనిదే. రెండవది మాలిక్ ఆమ్లం. యాపిల్ పులుపు దీనిది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు రెండూ పుష్కలంగా ఉంటాయి. పండు మెత్తబడే దశ నుంచి ఆకుల్లో తయారైన చక్కెర పండులోకి చేరుతుంది. అదే సమయంలో ఆమ్లం తగ్గుముఖం పడుతుంది.

ఆమ్లం తగ్గడానికి ముఖ్య కారణం శ్వాసక్రియ. తీగ మీద ఉన్న పండు కూడా శ్వాసిస్తుంది. అందుకు ఇంధనంగా మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత పెరిగితే శ్వాసక్రియ వేగం పెరుగుతుంది, ఆమ్లం త్వరగా కరిగిపోతుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తగ్గుతుంది. టార్టారిక్ ఆమ్లం మాత్రం ఇంత తేలికగా ఖర్చు కాదు. నడివేసవి ఎండలు కాసినా చింతపండు పులుపు చెక్కుచెదరకపోవడం మనకు తెలిసిన విషయమే. ఎండదేశపు ద్రాక్షలో మిగిలే కొద్దిపాటి పులుపు చాలావరకు చింతపండు ఆమ్లానిది. యాపిల్ ఆమ్లం కూడా నిలవాలంటే చలి కావాలి.

చలిలోకి నడిచే పండు

మోసెల్ లోయ సుమారు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు 17 డిగ్రీల మీద. తేడా అక్షాంశంలోనే కాదు, రుతువులు నడిచే దిశలోనూ ఉంది. మోసెల్‌లో తీగ జూన్‌లో పూస్తుంది. పండు పక్వమయ్యేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. పండులో చక్కెర పెరుగుతుంటే బయట చలి పెరుగుతుంటుంది.

మన దగ్గర ద్రాక్ష తీగకు శీతాకాలపు నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తాడు. వేసవిలో ఒకసారి, కాపు కోసం అక్టోబర్ ప్రాంతంలో మరోసారి. పండ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకు వస్తాయి. అంటే హైదరాబాదు ద్రాక్ష ఎండలోకి నడుస్తూ పండుతుంది. రోజురోజుకూ వేడి పెరుగుతుంటే యాపిల్ ఆమ్లం ఇట్టే ఖర్చయిపోతుంది. తినడానికి అది మేలే. పొడి వైన్‌కు మాత్రం అది లోటు.

అలాగని మోసెల్‌లో వట్టి చలి సరిపోదు. చలి మరీ ఎక్కువైతే చక్కెరే చేరదు. అందుకే అక్కడి రైతులు ఎండ నేరుగా తగిలే ఏటవాలు కొండచరియల మీద తోటలు వేశారు. బ్రెమ్ గ్రామం దగ్గరున్న కాల్మోంట్ కొండ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడి నేలలో పలకరాయి ఎక్కువ. పగటి వేడిని అది దాచుకుంటుంది. రీస్లింగ్ పేరు 1435లోనే రూసెల్స్‌హైమ్ కోట ఖర్చుల పద్దులో కనిపిస్తుంది. చల్లని దేశంలో కాస్త వెచ్చని చోటు వెతికి ఈ ద్రాక్షను పండించడం శతాబ్దాల అనుభవం నేర్పిన విద్య.

ధనియాల వాసన, కిరసనాయిలు వాసన

రీస్లింగ్ పరిమళంలో లినలూల్ అనే పదార్థం ఒకటి. మన ధనియాల సువాసనకు మూలం కూడా ఇదే. గులాబీలో ఉండే జెరానియోల్ కూడా రీస్లింగ్‌లో ఉంటుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ మరో విచిత్రమైన వాసన వస్తుంది. అది కిరసనాయిలును గుర్తుకు తెస్తుంది! క్యారెట్‌కూ మామిడిపండుకూ రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబానికి చెందిన పదార్థాలు విచ్ఛిన్నమైతే ఈ వాసన గల పదార్థం తయారవుతుంది. గుత్తికి ఎండ ఎక్కువగా తగిలితే ఇదీ ఎక్కువవుతుంది. కొద్దిగా ఉంటే ఇష్టపడేవారున్నారు. మోతాదు మించితే లోపమే.

వేడెక్కుతున్న లోయ

భూతాపం ఈ లెక్కలన్నిటినీ కదిలిస్తోంది. మొదట్లో అది జర్మన్ రైతులకు మేలే చేసింది. చలి ఎక్కువైన సంవత్సరాల్లో ఆమ్లం కరకరలాడేది, దాన్ని కప్పడానికి తీపి మిగల్చవలసి వచ్చేది. పండు బాగా పక్వమవుతున్నకొద్దీ తీపి సాయం లేని పొడి వైన్ చేయడం సులభమైంది. కాని వేడి అక్కడితో ఆగడం లేదు. పూత, కోత ముందుకు జరుగుతున్నాయి. పండు చలి నెలల దాకా ఆగకుండా ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లోనే పక్వమవుతోంది.

హెచ్చరిక ఒకటి ఇప్పటికే వచ్చింది. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే ‘ఐస్‌వైన్’కు కనీసం మైనస్ 7 డిగ్రీల చలి కావాలి. 2019 పంటకు ఆ చలి రానేలేదు. జర్మనీలోని ద్రాక్ష ప్రాంతాలన్నిటిలోనూ ఐస్‌వైన్ తయారుకాకపోవడం అదే మొదటిసారి.

మన దేశంలో రైతు చేతిలో ఒక ఉపాయం ఉంది. నాసిక్ ప్రాంతంలో వైన్ కోసం పెంచే తీగలను సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కత్తిరించి, పండు జనవరి, ఫిబ్రవరి చలి రాత్రుల్లో పక్వమయ్యేలా చూస్తారు. మన రైతు కత్తెరతో రుతువును ఎంచుకోగలడు. జర్మన్ రైతుకు ఆ వీలు లేదు, శీతాకాలం అతని తీగను నిద్రపుచ్చుతుంది. ఒకప్పుడు ఎండ తగలాలని ఆకులు తుంచినవారు ఇప్పుడు నీడ కోసం ఆకులు ఉంచేస్తున్నారు. కొందరు పాతకాలం రైతులు చలి ఎక్కువని వదిలేసిన చోట్లకు తోటలు మారుస్తున్నారు.

ఒక మాట. ఆల్కహాలు పానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. రుచి వెనుక ఉన్న శాస్త్రాన్ని గ్రహించడానికి తాగి చూడనవసరం లేదు. ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకున్నప్పుడు అది ఏ నెలలో పండిందో, అప్పుడు రాత్రులు ఎంత చల్లగా ఉన్నాయో ఆలోచించండి. పండులో మిగిలిన పులుపు ఆ రాత్రుల లెక్కే.