ఒకే సూత్రం – మూడు చక్కెరలు

వార్షిక వైద్య పరీక్షల నివేదికలు చేతికి అందిన వారంలో మన క్యాంటీన్‌లో చక్కెర లేని టీకి గిరాకీ పెరుగుతుంది. ఇంట్లో బెల్లం, తేనె వాడకం మాత్రం నిర్భయంగా కొనసాగుతుంది. ‘అది చక్కెర కాదు కదా’ అని మేమూ ఒకప్పుడు సమాధానపరచుకున్నవారమే.

రసాయన శాస్త్ర పరిభాషలో చక్కెర ఒక కుటుంబం పేరు. జలవిశ్లేషణ ద్వారా ఇంకా చిన్న చక్కెరలుగా విడదీయ వీలులేనివి సరళ చక్కెరలు, అనగా మోనోశాకరైడ్లు. కార్బన్ పరమాణువులు మూడుంటే ట్రయోజ్, అయిదుంటే పెంటోజ్, ఆరుంటే హెక్సోజ్. అణువులో ఆల్డిహైడ్ సమూహం ఉన్నది ఆల్డోజ్, కీటోన్ సమూహం ఉన్నది కీటోజ్.

గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గాలక్టోజ్ మూడూ హెక్సోజ్‌లే. మూడింటిలోనూ 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులే ఉన్నాయి. ఒకే లెక్క ఇటుకలతో కట్టిన మూడు క్వార్టర్ల వంటివన్నమాట! ఫ్రక్టోజ్ కీటోజ్, తక్కిన రెండూ ఆల్డోజ్‌లు. ఆ రెండింటి మధ్య భేదమల్లా నాలుగవ కార్బన్‌పై ఉన్న హైడ్రాక్సిల్ సమూహం ఏ దిక్కుకు తిరిగి ఉన్నదన్నదే. గ్లూకోజ్‌లో ఈ అమరికను 1891లో తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంత స్వల్ప భేదాన్ని శరీరం పట్టించుకుంటుందా? పట్టించుకుంటుంది. పాలలోని లాక్టోజ్ జీర్ణమై గ్లూకోజ్, గాలక్టోజ్‌లుగా విడిపోతుంది. గాలక్టోజ్‌ను గ్లూకోజ్‌గా మార్చే ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులు అరుదుగా ఉంటారు. వారికి తల్లిపాలే విషమవుతాయి. కాలేయం దెబ్బతింటుంది, కంటిలో శుక్లాలు ఏర్పడతాయి. వ్యాధిని వెంటనే గుర్తించి పాలు మాన్పిస్తే ప్రాణం దక్కుతుంది.

ఇక బెల్లం, తేనెల సంగతి. పంచదార అణువు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల జంట. దాని పేరు సుక్రోజ్. బెల్లంలో అధిక భాగం ఆ సుక్రోజే. తేనెలో ఆ జంటను తేనెటీగలు ముందే విడదీసి ఉంచాయి, అంతే.

వైద్య నివేదికలోని ‘షుగర్’ కేవలం గ్లూకోజ్. పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణమని, 126 లేదా అంతకు మించి ఉంటే మధుమేహానికి సూచన అని వైద్యులు పరిగణిస్తారు. 100 వద్ద, శరీరంలోని సుమారు 5 లీటర్ల రక్తంలో ఉండే గ్లూకోజ్ మొత్తం 5 గ్రాములే, అంటే ఒక టీస్పూను! అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ అణువుల గొలుసే గనుక, టీలో చక్కెర మానినవారు మారు వడ్డన అన్నాన్ని సైతం ఈ లెక్కలోనే వేసుకోవలసి ఉంటుంది.