వార్తల్లో పదం: ప్రజ్ఞాత

కొవిడ్‌తో బడులు మూతపడ్డాక, ఆన్‌లైన్ చదువుల కోసం 2020 జులైలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలివి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు క్లాసులే పెట్టాలని, ఒక్కోటి 30-45 నిమిషాలు మించకూడదని అప్పట్లో చెప్పారు. వీటిలో ప్రణాళికతో మొదలై ప్రశంసతో ముగిసే ఎనిమిది మెట్లలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పిల్లలతో మాట్లాడటం. ముఖ్యంగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే మనసులో దిగులున్నా పైకి చెప్పని వయసు. పాఠం అర్థమైందా అనే ముందు, నిద్ర పట్టిందా, స్నేహితులతో మాట్లాడావా అని అడగాలి. 2020 జులై 21న మొదలైన ‘మనోదర్పణ్’ కార్యక్రమం విద్యార్థులకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఫోన్‌లో కౌన్సెలింగ్ ఇస్తుంది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లు పాఠాలు ప్రసారం చేశాయి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు అవే ఆధారమయ్యాయి. టీవీకి సందేహం చెప్పుకోలేరు కనుక టీచరు పలకరింపు వాళ్లకే ఎక్కువ అవసరమైంది.