రహదారుల విస్తరణము – రైతు లెఱుగవలసిన సంగతులు

హైదరాబాదు నగరమునందలి జూబిలీహిల్స్, ఫిలింనగరు అను పేటలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసములుగా ప్రసిద్ధి గాంచినవి. ఈ రెండు పేటలును సహకార గృహనిర్మాణ సంఘముల మూలముననే వెలసినవని మన సభ్యులలో ననేకు లెఱుగరు. ఆ కొండల నడుమ ఇటీవల జరిగిన రస్తా పనులను పరిశీలించినచో, మన పొలముల ప్రక్కను పోవు రహదారులను విస్తరింపబూనినపుడు మనము గమనింపవలసిన విషయములు కొన్ని బోధపడును.

ఫిలింనగరునకు దిగువను షేక్‌పేట మీదుగా పాత బొంబాయి రస్తా పోవుచున్నది. సెవెన్ టూంబ్స్, ఫిలింనగరు, ఓ.యు. కాలనీ, విస్పర్ వ్యాలీ అను నాలుగు కూడళ్లయొద్ద బండ్లు నిలిచిపోవుచుండెడివి. ఈ నాలుగింటిని దాటించుచు సుమారు 2.8 కిలోమీటర్ల పొడవున ఆరు వరుసల పైవంతెనను నిర్మించి 2022 జనవరి 1వ తేదీన తెఱచిరి. కాలువను ఎంత వెడల్పు చేసినను తూము ఇఱుకైనచో చివరి మడికి నీరందదని రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రస్తాకు కూడలి అట్టి తూము. కావుననే ఇంజనీర్లు మొదట బండ్లను లెక్కించి, అవి ఎచ్చట నిలుచుచున్నవో కనుగొని, పిమ్మట విస్తరణమును గూర్చి యోచింతురు.

జూబిలీహిల్స్ 45వ నెంబరు రస్తానుండి మాదాపూరు వైపునకు పోవుటకు దుర్గం చెఱువు అడ్డముగ నుండెను. 2020 సెప్టెంబరు 25వ తేదీన ప్రారంభింపబడిన తీగల వంతెనకు రెండు గోపురముల నడుమ దూరము సుమారు 234 మీటర్లు. ఇట్లు చెఱువు నడుమ స్తంభములు పాతు పని తప్పినది. గ్రామములందును ఈ నీతియే వర్తించును. కట్టను, అలుగును, వరదకాలువను గమనింపక రస్తా మెఱక వేసినచో ఒక ప్రక్క పొలములు మునుగును, మఱియొక ప్రక్క ఎండును. మోరీ లెచ్చట వలయునో, ఎంత వెడల్పున నుండవలయునో వానకాలమున నీరు పాఱుట చూచిన రైతే చక్కగ చెప్పగలడు. కొలతలు వేయునపుడే దీనిని వ్రాతమూలముగ తెలుపవలెను. రస్తా పూర్తియైన పిమ్మట మోరీ వేయించుట మిక్కిలి కష్టము.

నేల స్వభావమును గూడ పరీక్షింతురు. జూబిలీహిల్స్ రాతినేల బరువు నోర్చును. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువాఱును. అందుచేత రేగడిపై అడుగు మట్టిని బాగుచేసి, కంకర పొరలను గట్టిగ దిమ్మిస చేసి, పైన తారు వేయుదురు. ప్రక్కకాలువ పూడినచో ఈ శ్రమ యంతయు వ్యర్థమగును.

ఇక భూమి సంగతి. రాష్ట్ర రహదారికై 2013 భూసేకరణ చట్టము ప్రకారము భూమిని తీసికొనునపుడు ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలోపల కలెక్టరునకు వ్రాతమూలకమైన ఆక్షేపణ ఇయ్యవచ్చును. జాతీయ రహదారి యైనచో 1956 చట్టము ప్రకారము గడువు 21 దినములు మాత్రమే. రాష్ట్ర రహదారులు జాతీయ రహదారులుగ మాఱుట మన ప్రాంతమున సాధారణమే. కావున ప్రకటన ఏ చట్టము క్రింద వచ్చినదో మొట్టమొదట చూడవలెను.

ఖరీదు కట్టు పద్ధతియు తెలిసికొనదగినది. రిజిస్ట్రేషను లెక్కలోని విలువ యొకటి. సమీపమున అట్టి భూములకే గత మూడేండ్లలో జరిగిన విక్రయములలో ఎక్కువ ధర పలికిన సగము దస్తావేజుల సరాసరి మఱియొకటి. ఈ రెండింటిలో ఎక్కువదానిని గ్రహింతురు. గ్రామభూములకు దానిని ప్రభుత్వము నిర్ణయించిన గుణకముతో హెచ్చింతురు. ఆ గుణకము 1 మొదలు 2 వఱకు నుండవచ్చును. చెట్లు, బావులు మొదలగువాని విలువను కలిపి, ఆ మొత్తమునకు నూటికి నూఱు చొప్పున అదనపు పరిహార మిత్తురు. స్టాంపు ఖర్చు తగ్గునని దస్తావేజులో తక్కువ ధర వ్రాయించుకొను అలవాటు మనలో కలదు. అట్లు మిగిలిన కొద్ది రూపాయలు, భూమి పోవు నాడు ఊరి రైతు లందఱి పరిహారమును తగ్గించును. ఒకని దస్తావేజు ఇరుగుపొరుగువారి భూమికి వెల కట్టుచున్నదని మఱవరాదు.

కావున సభ్యులు తమ పాసుపుస్తకములలోని విస్తీర్ణమును, పేర్లను ఇప్పుడే సరిచేయించుకొనవలెను. బావి, గొట్టపుబావి, పండ్లచెట్టు ఏదియు కొలతల పట్టికలో తప్పిపోకుండ చూచుకొనవలెను. రస్తా మనకు శత్రువు కాదు. పంట బజారు చేరుటకు అదియే త్రోవ. ఒంటరిగ కచేరి గడప యెక్కిన రైతు మాట సన్నగిల్లవచ్చును గాని, దస్తావేజులు సేకరించి సంఘము పక్షమున పదుగురు కలిసి వ్రాసిన ఆక్షేపణను త్రోసివేయుట సులభము కాదు. సహకారమునకు ఇంతకన్న తగిన సమయ మేమున్నది?