బండల కూలీ ఆదిమానవుల ఊరికి పోతే..!

బనగానపల్లె: కాలయంత్రం ఎక్కి వెనక్కి పోవడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో హీరో శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతే జనం సంబరంగా చూశారు. అంతకు వందేళ్ల ముందే, 1889లో, అమెరికా రచయిత మార్క్ ట్వేన్ తన నవలలో తుపాకుల కార్ఖానా మేస్త్రీ ఒకణ్ణి ఆరో శతాబ్దపు ఇంగ్లండుకు పంపి నవ్వించాడు. సూర్యగ్రహణం ఎప్పుడు పట్టేదీ ముందే తెలిసిన ఆ మేస్త్రీ అక్కడ పెద్ద మంత్రగాడై కూర్చుంటాడు. ఇలాంటి కథలకు సూత్రం ఒకటే. ఇప్పటివాడు తెలివిగలవాడు, అప్పటివాళ్లు అమాయకులు.

మరి మన బేతంచెర్ల బండల గనిలో పనిచేసే కూలీ ఒకడు సుత్తి, ఉలి సంచిలో వేసుకుని ఆదిమ తెగల మధ్యకు పోతే? అందుకు దూరాభారం పోనక్కరలేదు. 2022 వరకు కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న జుర్రేరు వాగు లోయలోని జ్వాలాపురం దిగితే చాలు. కాకపోతే 74 వేల ఏళ్ల కిందట దిగాలి.

సంగటి లేదు, బీడీ లేదు

దిగగానే మనవాడికి ఆకలేస్తుంది. జొన్న సంగటి అడుగుతాడు. జొన్న ఆఫ్రికా నుంచి మన దేశానికి రావడానికి ఇంకా వేలవేల ఏళ్లు పడుతుంది. పోనీ, ఇంత మిరపకారం? మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి రాకతో గానీ మన నేలకు చేరలేదు. వేరుసెనక్కాయలదీ, బీడీలోని పొగాకుదీ అదే కథ. సేద్యమే లేని కాలం. దొరికిన కాయో దుంపో, వేటాడిన మాంసమో తినాలి. వేటకు పోతే ఖడ్గమృగం ఎదురైనా ఆశ్చర్యం లేదు. 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో తవ్వితే దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి.

సెల్‌ఫోను వెలుగు చూపి మంత్రగాడు కావాలనుకుంటే ఒక్కరోజు ముచ్చటే. ఛార్జింగు అయిపోతుంది. అగ్గిపెట్టె వారం రోజులు. ఉలి మొన అరిగితే సానపెట్టి సాగగొట్టడానికి కమ్మరి లేడు, కొలిమి లేదు, ఇనుమే లేదు.

అప్పుడు ఆదిమానవుడే అతనికి గురువవుతాడు. గుండ్రాయితో మరో రాతిని ఏ మూల, ఎంత బలంతో కొడితే పదునైన పెచ్చు లేస్తుందో అతనికి తెలుసు. జ్వాలాపురంలో దొరికిన పాత పనిముట్లలో సున్నపురాయితో చేసినవి ఉన్నాయి. బేతంచెర్ల బండ కూడా సున్నపురాయే. ఇద్దరిదీ రాతి పనే. దెబ్బ వేస్తే వచ్చే చప్పుడును బట్టి రాయి గుణం పసిగట్టే నేర్పు ఇద్దరికీ పనికొచ్చేదే. భాష రాకపోయినా పనివాడికి పనివాడు అర్థమవుతాడు.

బూడిద వాన

ఇంతలో ఆకాశం మసకబారి బూడిద రాలుతుంది. క్రషరు దుమ్మేమో అనుకుంటాడు మనవాడు. అది రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరాన, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలై వచ్చిన బూడిద. జ్వాలాపురంలో ఒకచోట ఆ పొర దాదాపు రెండున్నర మీటర్ల మందం ఉంది. గాలికి పడినది కొంత, వాన నీటికి కొట్టుకొచ్చి పేరుకున్నది మరికొంత.

మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యులు రవి కొరిశెట్టర్ తదితరులు ఇక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లున్నాయి. పొర పైనా దాదాపు అలాంటివే ఉన్నాయి. అంత ఉపద్రవం తర్వాత కూడా ఈ లోయలో మనిషి బతుకు ఆగిపోలేదని వారు చెప్పారు. ఆ పనిముట్లు చేసినవారు మనవంటి మనుషులేనా, అంతకు ముందటి జాతివారా అన్న వాదం పండితుల్లో నడుస్తూనే ఉంది. ఆ లోయలోనే ఒక కొండచరియ కింద 35 వేల ఏళ్ల నాటి నుంచీ చేసిన చిన్నచిన్న రాతి అలుగులు, పూసలు కూడా దొరికాయి.

పారకు దొరికితే పోయినట్టే

అంత పాత బూడిదను మనవాళ్లు తవ్వి అమ్ముకున్నారు. పాత్రలు తోమే పొడికి పనికొస్తుందని ట్రాక్టర్లకెత్తారు. కూలి దొరికిన మాట నిజమే. పేదవాడి కూలిని తప్పుపట్టలేం. అయితే చెక్కిన రాయి విలువ అది ఏ పొరలో ఉందన్న దాన్నిబట్టే తెలుస్తుంది. పొర చెదిరితే మిగిలేది ఉత్త రాయే.

కనుక చేలో గానీ, వాగు ఒడ్డున గానీ తెల్లని బూడిద పొరో, పదునుగా చెక్కిన రాయో కనిపిస్తే తీసి పారేయకుండా ఉన్నచోటే ఉంచి, ఊరి బడి మాస్టారికో, పురావస్తు శాఖవారికో తెలియజేయడం మంచిది. మిగిలిన పొరలనైనా కాపాడే బాధ్యత అధికారులదీ, ఊరివారిదీ కూడా. సినిమాలో కాలయంత్రం చెడిపోతే బాగుచేసుకోవచ్చు. ఈ లోయలో పొరలు పోతే మళ్లీ పేర్చగలవారెవరూ లేరు.